బాపట్ల సమాధుల తోటలో గోడపక్క చోటు

ఆద్యంతరహితుడును, ఆర్తజనశరణ్యుడును, నా గృహిణి బ్రతికినంతకాలము ఒక్క పూటయైనను విశ్రాంతి యెరుగక ఆమె విన్నపముల నాలకించినవాడును అగు సర్వేశ్వరునకు మొదట మ్రొక్కి, స్వస్తిశ్రీ నల నామ సంవత్సర చైత్ర బహుళ పంచమినాడు, తెనాలిలో మా యింటి పడమటి వసారాలో కూర్చుండి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

తిథి వేయనిదే నా కలం సాగదు. ఆమె ఉన్న రోజుల్లో నేను కాగితం నెత్తిన తిథి వ్రాయడం చూస్తే ఊరుకునేది కాదు.

"క్రైస్తవుల ఇంట్లో ఈ చవితులూ పంచములూ ఏంటండీ? చర్చి అయ్యగారు చూస్తే ఏమనుకుంటారు?"

"చంద్రుణ్ణి చేసిందెవరు?" అనేవాణ్ణి నేను.

"చేసింది ఆయనే. లెక్కపెట్టమని మీకు చెప్పలేదు."

ఈ వాదంలో నేను ఏనాడూ నెగ్గలేదు. అయినా తిథి మానలేదు. ఇద్దరం అట్లాగే కాపురం చేశాం.

నేను తెనాలిలో ఉన్నత పాఠశాల తెలుగు పండితుణ్ణి. మా తాతగారి నాటి నుంచీ మాది క్రైస్తవ కుటుంబమే గాని, నా భక్తి కావ్యాల మధ్య పెరిగినది కావడం చేత కొంచెం అలంకారప్రియమైనది. బాపట్ల నుంచి వచ్చిన నా భార్య భక్తికి అలంకారాలతో పనిలేదు. పొయ్యి రాజేసే ముందు ప్రార్థన, ఆవకాయ జాడీ వాసెన విప్పే ముందు ప్రార్థన, రేపల్లె బండి ఎక్కే ముందు ప్రార్థన, ఎక్కాక సీటు దొరికినందుకు మరొకటి. ఆ ప్రార్థనలలో వర్ణనలు ఉండేవి కావు. అన్నీ వివరాలే. సర్వజ్ఞుడైన దేవునికి మా ఇంటి సంగతులు మాత్రం తాను చెబితే గాని తెలియవని ఆమె గట్టి నమ్మకం.

భోజనాల వేళ అందరం కళ్ళు మూసుకొని కూర్చుంటే మొదలుపెట్టేది. "ప్రభువా, ఈ ఇంటి యజమానిని చక్కెర తగ్గించమని డాక్టరుగారు చెప్పారు. వినడం లేదు. బడి నుంచి వచ్చేటప్పుడు కాలవ దగ్గర మిఠాయి కొట్టు ముందు ఆగుతున్నాడు. గొడుగు అడ్డం పెట్టుకుంటే ఎవరికీ కనబడదనుకుంటున్నాడు. ఆ గొడుగులోంచి చూడగలవాడివి నువ్వు ఉన్నావని అతనికి తెలియజెయ్యి."

నా ఎదుట ఎన్నడూ 'మీరు' తప్ప మరొక మాట ఎరుగని ఇల్లాలు, దేవుని ఎదుట మాత్రం నన్ను ఏకవచనానికి దించేది. ప్రార్థనకు మధ్యలో అడ్డు చెప్పకూడదు. ముగియగానే అందరూ ఆమేన్ అనాలి. ఆమేన్ అనగా తథాస్తు. కాబట్టి నా మీద మోపబడిన నేరానికి నేనే తథాస్తు చెప్పి, పప్పు కలుపుకొనేవాణ్ణి.

ఈ విద్య ఆమెకు ఒక్కసారే ఎదురు తిరిగింది. మా అమ్మాయి ఇల్లు పక్కవీధిలోనే కావడం వల్ల మనవరాలు మా దగ్గరే పెరిగేది. దానికి మాటలు బాగా వచ్చిన ఏడు, ఒకరోజు అన్నం ముందు కూర్చొని, ఈ పూట ప్రార్థన తాను చేస్తానంది. అమ్మమ్మ మురిసిపోయింది. పిల్ల చేతులు జోడించి, అచ్చంగా అమ్మమ్మ గొంతుతోనే అందుకుంది. "ప్రభువా, అమ్మమ్మ నిన్న బెల్లం అచ్చు కొంగులో దాచుకుని పెరట్లోకి వెళ్ళి తిన్నది. నేను అడిగితే బెల్లం అయిపోయిందని చెప్పింది. అమ్మమ్మకు మంచి బుద్ధి దయచెయ్యి."

అందరికంటె బిగ్గరగా ఆమేన్ అన్నది నేనే. ఆమె కూడా అనక తప్పలేదు. ఆ పూట నాకు చారులో ఉప్పు ఎక్కువైంది.

ఇక చెప్పదలచిన సంగతికి వస్తాను. ఆమె జీవితంలో తనకోసం తాను కోరుకున్నది ఒక్కటే. బాపట్లలో, మా సంఘం వారి సమాధుల తోటలో, తన తల్లి పక్కనున్న చోటు.

ఏటా నవంబరు మొదట్లో సమాధుల పండుగకు మేము బాపట్ల వెళ్ళేవాళ్ళం. మా అత్తమామల సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పేర్చి, కొవ్వొత్తులు వెలిగించడం ఆనవాయితీ. మామగారికి దక్షిణాన ఎవరో వేరే కుటుంబం వారున్నారు. అత్తగారికి ఉత్తరాన కొంత ఖాళీ నేల, ఆపైన ప్రహరీగోడ. శోభకృత్ సంవత్సరం కార్తికంలో మేము సున్నం తట్టతో వెళ్ళేసరికి, ఆ ఖాళీ నేల మీద ఒక పెద్దావిడ తాపీగా కూర్చొని జంతికలు తింటున్నారు. నా భార్యకు స్వయానా మేనత్త. మామగారి చెల్లెలు. రేపల్లెలో కాపురం, అప్పటికే వితంతువు. గాలికి ఎగిరిపోయేంత సన్నని మనిషి. గొంతు మాత్రం అట్లాంటిది కాదు.

"అత్తా, అక్కణ్ణుంచి లే. అది నా చోటు" అంది నా భార్య.

"నీ చోటేంటే పిల్లా. నీ పేరు చెక్కారా ఇక్కడ?"

"మా అమ్మ పక్కది. నాది కాక ఎవరిది?"

"మీ అమ్మ నీకు అమ్మ కాకముందే నాకు వదిన. ఒక్క పొయ్యి మీద వండుకున్నాం ఇద్దరం. నా టేకు కవ్వం తీసుకుని మళ్ళీ ఇవ్వలేదు. కడబూర మోగి సమాధుల్లోంచి అందరం లేచిన పొద్దున, ముందు దాని మొహం చూసి ఆ సంగతి అడగాలి నేను."

"పరలోకంలో మజ్జిగ చిలుకుతావా?"

"చిలకటానికి కాదే. అడగటానికి."

నా భార్య సున్నపు కుంచె కింద పెట్టింది. "మా అమ్మకు నిద్ర లేవగానే చూపు ఆనదు అత్తా. నీకూ తెలుసు. కళ్ళజోడు తలగడ కింద పెట్టుకుని ఇల్లంతా తడుముకునేది. ఆ పొద్దున చుట్టూ ఇంతమంది ఒక్కసారి లేస్తుంటే బెదిరిపోతుంది. చెయ్యి పట్టుకోవటానికి పక్కన నేనుండాలి."

మహిమ శరీరాలకు దృష్టిలోపం ఉండదని నేను శాస్త్రం చెప్పబోయాను.

"మీకు మా అమ్మ సంగతి తెలియదండీ" అంది. ఆమె కళ్ళలో పరిహాసం లేదు. అప్పుడు నాకు తెలిసింది, ఈ కోరిక ఈనాటిది కాదని.

సందర్భం వచ్చింది గదా అని నేనూ అడిగాను. "మరి నేనెక్కడ?"

మేనత్తా మేనకోడలూ ఇద్దరూ నా వైపు తిరిగారు. ఆ ప్రశ్న అంతవరకు వారికి తోచినట్టు లేదు.

"మీకేమండీ, మగవాళ్ళు. ఎక్కడో ఒకచోట సర్దుకుంటారు" అంది నా భార్య. మేనత్తగారు (ఇక మీదట నేను అత్తగారంటే ఈవిడే) అవునన్నట్టు తల ఊపారు. ఆనాడు వారిద్దరూ ఏకీభవించిన విషయం అదొక్కటే.

తిరుగు ప్రయాణంలో, బండి అప్పికట్ల దాటాక, భుజాన కండువా లేదని గమనించాను. ఒక సాహిత్య సభలో నాకు కప్పిన జరీ అంచు కండువా అది.

"నా కండువా ఏదీ?"

"ఉండవలసిన చోట ఉంది. మీరు పడుకోండి."

బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకునే దేశం మనది. ఆ పద్ధతి ఆమె సమాధుల తోటకు వర్తింపజేసింది. మేనత్త అటు తిరగ్గానే నా కండువా ఆ ఖాళీ నేల మీద పరిచి, నాలుగు మూలలా ఇటుక ముక్కలు పెట్టి వచ్చింది. అంతవరకు బాగానే ఉంది. అయితే మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. పొరుగూరిలో ఎవరైనా పోతే, వారి బంధువు ముందుగా వచ్చి, పోయినవారి వస్త్రం ఒకటి కావలసిన చోట పరిచి వెళతాడు. అది చూసి తవ్వేవాళ్ళు గుంట సిద్ధం చేస్తారు. ఆ ఆనవాయితీ ఆమె ఎరగనిది కాదు. ఇటుక ముక్కలు పెట్టాను గనుక ఎవరూ అట్లా అనుకోరని ఆమె లెక్క.

ఆ కండువాతో నేను బాపట్లలో పలుమార్లు ఉపన్యసించి ఉన్నాను. దాన్ని ఎరగనివారు లేరు. మర్నాటి పొద్దున మేము వసారాలో పెసరట్టు తింటూ ఉండగా, బాపట్ల అయ్యగారూ, మరి ఇద్దరు సంఘ పెద్దలూ తెల్లని పూలచక్రం పట్టుకొని, చెప్పులు వీధిలోనే విడిచి, తలలు వంచుకొని లోపలికి వచ్చారు. తల ఎత్తితే ఎదురుగా నేను. నోటిలో పెసరట్టు ముక్క.

నేను ఆ ముక్క మింగాను.

"మాస్టారూ, మీరు బాగున్నారా?" అన్నారు అయ్యగారు చివరికి.

"బాగానే ఉన్నానండి."

"సంతోషమండి" అన్నారు. బండి రెండు గంటలు ఆలస్యమని విన్నవాడి గొంతులో ఉండే సంతోషం అది. "అక్కడ గుంట మోకాలిలోతు తవ్వేశారండి."

నా భార్య కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. సంగతంతా గ్రహించింది. ఆమె సిగ్గుపడుతుందని ఒక్క క్షణం ఆశించాను.

"ఇంత దూరం శ్రమపడి వచ్చారు. ఆదరణ ప్రార్థన చేసే వెళ్ళండి. ఎప్పటికైనా చేయవలసిందేగా" అంది.

చేశారు. పోయినవారి ఇంట చేసే ఆ ప్రార్థనలో, నేను కుర్చీలో కూర్చొని నా గుణగణాలు విన్నాను. పెద్దలలో ఒకాయన ఒకప్పుడు నా శిష్యుడు. దారిపొడుగునా తయారుచేసుకున్న మాటలు వృథా పోనీయలేక, నేను ఏ విద్యార్థినీ ఎన్నడూ కోపగించుకోలేదని చెప్పబోయి, నన్ను చూసి, చెవి తడుముకొని, ఆ వాక్యం దాటేశాడు. పూలచక్రం వాళ్ళు తిరిగి తీసుకుపోతామన్నారు గాని ఆమె ఇవ్వలేదు. రెండు రోజులు నీళ్ళు చిలకరించి ఉంచి, ఎవరో బాపట్ల వెళుతుంటే తన తల్లి సమాధికి పంపింది.

ఆ గుంట పూడ్పించాక సంఘం వారు సమావేశమై తీర్మానం చేశారు. అయ్యగారు మేనత్తా మేనకోడళ్ళిద్దరినీ పిలిపించి చెప్పారు. "ఇది రైలు పెట్టె కాదమ్మా. బతికున్నవాళ్ళకు చోట్లు ఇవ్వబడవు. ఎవరు ముందు ప్రభువు దగ్గరికి వెళితే ఆ చోటు వారిది. ఇక ఈ మాట ఎత్తవద్దు."

న్యాయమైన తీర్పే. కాని దాని పర్యవసానం అయ్యగారు ఊహించలేదు. గెలవాలంటే చావాలి. నా భార్యకు అప్పుడే చావడానికి తీరిక లేదు. అమ్మాయికి రెండో కాన్పు రోజులు, ఆపైన ఆవకాయల కాలం. అత్తగారికీ అట్లాంటి ఉద్దేశం ఉన్నట్టు లేదు. మరి తాను చావకుండా చోటు నిలుపుకోవాలంటే మార్గం ఒక్కటే. రెండోవారిని బతికించుకోవాలి.

ఆనాటి నుంచి మా ఇంట పూటపూటా అత్తగారి ఆయురారోగ్యాల కోసం ప్రార్థన మొదలైంది. "ప్రభువా, రేపల్లెలో మా అత్తకు మోకాళ్ళు నొస్తున్నాయి. ఆ ఇంటి మెట్లు ఎత్తు. చూసి దింపు. చన్నీళ్ళు పోసుకుంటుంది, మాన్పించు. దానికి నిండు నూరేళ్ళు ఇయ్యి." నోటి మాటతో ఆగలేదు. వారం వారం రేపల్లె బండెక్కేది. కోడిపులుసు, నువ్వులుండలు, మోకాళ్ళకు ఆముదం. తోడుగా నన్నూ లాక్కుపోయేది.

అత్తగారు అమాయకురాలు కాదు. రెండో వారానికే కిటుకు కనిపెట్టేశారు. మూడో వారం మేము వెళ్ళేసరికి నా భార్య కోసం గేదెపాలు మరగబెట్టి ఉంచారు. భోజనం ముందు తానే చేతులు జోడించారు.

"ప్రభువా, నా మేనకోడలు చిక్కిపోయింది. ఆ మొగుడికి పుస్తకాలు తప్ప పెళ్ళాం కనబడదు. దాన్ని నువ్వే చల్లగా చూడాలి. దానికి నూరేళ్ళు ఇయ్యి."

నా భార్య కళ్ళు తెరవకుండానే అందుకుంది. "ప్రభువా, మా అత్తకు నూరేళ్ళు చాలవు. మునిమనవల పెళ్ళిళ్ళు చూడనియ్యి."

"మునిమనవల పిల్లల పెళ్ళిళ్ళు దానికి చూపించు తండ్రీ."

"మా అత్తకు రాలిన పళ్ళు మళ్ళీ రానియ్యి తండ్రీ."

చేపల పులుసు చల్లారిపోతూ ఉంది. నేను రెండు పక్షాలకూ ఆమేన్ చెప్పి కంచం దగ్గరకు లాక్కున్నాను.

ఇట్లా ఏళ్ళు గడిచాయి. నా భార్యకు ఒళ్ళు చేసింది. అత్తగారు మాత్రం ఎంత తిన్నా అంతే సన్నం. ఒకరి మంచి ఒకరు ఇంతగా కోరే బంధువులు మూడు ఊళ్ళలో లేరని పేరు వచ్చింది. స్త్రీల సమాజం వారు నా భార్యను సాక్ష్యం చెప్పమని పిలిచారు. నిష్కల్మష ప్రేమకు ఉదాహరణగా బాపట్ల అయ్యగారు ఒక ఆదివారం వారిద్దరినీ లేపి నిలబెట్టారు. పాపం, తన తీర్పు సంగతి ఆయన మరిచిపోయినట్టున్నారు. ఇద్దరూ నేల చూపులు చూస్తూ నిలబడ్డారు. దాన్ని సంఘం వినయమనుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో అడిగాను. "నిజం చెప్పు. ఇదంతా అత్త మీద ప్రేమా, చోటు మీద ప్రేమా?"

"పైన వినేది ఆయన. మధ్యలో మీకెందుకండీ?" అని కిటికీ వైపు తిరిగింది.

సాధారణ నామ సంవత్సరం వానాకాలంలో అత్తగారికి విషజ్వరం వచ్చింది. కబురందిన పూటే నా భార్య రెండు చీరలు సంచిలో పెట్టుకొని రేపల్లె వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు ప్రార్థన చేయలేదు. ఆ సంగతి బండి కదిలిపోయాక నాకు తట్టింది. నేను అన్నం మాడ్చుకొని, మజ్జిగ పోసుకొని, ఆదివారం బత్తాయిలు పట్టుకొని వెళ్ళాను.

అత్తగారు మంచంలో ఉన్నారో లేదో తెలియనంతగా ఉన్నారు. నా భార్య గిన్నెలో గంజి చల్లార్చుతూ ఉంది.

"పోనీలేవే. ఆ చోటు నువ్వే తీసుకో. నన్ను ఈ ఊళ్ళోనే ఎక్కడో పెట్టెయ్యండి" అన్నారు అత్తగారు కళ్ళు మూసుకొనే.

గెలుపు అరచేతిలోకి వచ్చిన ఘడియ అది. నేను నా భార్య ముఖం చూశాను. ఆమె గిన్నె ఠక్కున కింద పెట్టింది.

"ఇప్పుడు ఇస్తానంటే ఎవరు తీసుకుంటారు? లేచి గంజి తాగు. పోట్లాడే ఓపిక తెచ్చుకుని అప్పుడు మాట్లాడు నాతో."

సాయంత్రం దీపం పెట్టాక ప్రార్థనకు కూర్చున్నాం. ఆమె "ప్రభువా, మా అత్త" అంది. ఆపైన మాట రాలేదు. దేవునికి మా ఇంటి ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా విన్నవించిన మనిషికి ఒక్క వివరమూ అందలేదు. మేము కళ్ళు మూసుకొని అట్లాగే కూర్చున్నాం. ఎంతసేపు కూర్చున్నామో, మంచం మీద నుంచి సన్నని గొంతు వినబడింది.

"ఆమేన్ అనండి అల్లుడూ. దోమలు కుడుతున్నాయి."

అన్నాను. రైల్లో నేనడిగిన ప్రశ్నకు సమాధానం ఆ సాయంత్రమే దొరికింది. మళ్ళీ అడగలేదు.

అత్తగారు లేచి కూర్చున్నాక మొదట పప్పుచారు అడిగారట. రెండో మాటగా, "జ్వరంలో ఏదేదో అంటాం. ఆ మాట చెల్లదు" అన్నారట. నా భార్య ఈ సంగతి చెబుతూ తెనాలి స్టేషనులో నవ్విన నవ్వుకు కూలీలు కూడా ఆగి చూశారు.

ఆనంద నామ సంవత్సరం ఆషాఢంలో ఆమెకు గుండెల్లో నొప్పి వచ్చింది. ఆస్పత్రిలో కొద్దిరోజులే ఉంది. డాక్టరుగారి పిల్లల చదువుల గురించీ, పక్క మంచం ఆవిడ కోడలి నోటి గురించీ దేవునికి చెప్పవలసినవన్నీ చెప్పి, ఒక పొద్దున మనవరాలి చెయ్యి పట్టుకొని ఉండగానే వెళ్ళిపోయింది. అత్తగారి కోసం అంత గట్టిగా అడిగిన ఆయుష్షు, తన కోసం ఒక్కసారైనా అడగగా నేను వినలేదు.

బాపట్ల తీసుకువెళ్ళాం. మేము తోటలోకి వెళ్ళేసరికే అత్తగారు వచ్చి, చేతికర్ర మీద గడ్డం ఆనించి, తన వదిన సమాధి అరుగు మీద కూర్చొని ఉన్నారు. ఎనభై ఏళ్ళు దాటిన మనిషి, రేపల్లె నుంచి ఎవరి తోడూ లేకుండా బండ్లు మారి వచ్చారు.

"నూరేళ్ళు ఇయ్యమని ఎంత అడిగాను అల్లుడూ. దాని మాట విన్నాడు గాని నా మాట వినలేదు ఆయన" అన్నారు.

తవ్వేవాళ్ళు ఖాళీ నేల నడిమధ్య గడ్డపార దించారు. అత్తగారు చేతికర్ర ఊతగా లేచారు.

"నడిమధ్య తవ్వుతారేంటయ్యా? వాళ్ళమ్మ వైపు జరపండి."

జరిపారు.

"ఇంకా. ఇంకొంచెం. అమ్మ చెయ్యి పట్టుకుంటానంది అది. అంత దూరాన పెడితే ఎట్లా అందుతుంది?"

అక్కడున్న ఆడవాళ్ళందరూ కళ్ళు ఒత్తుకున్నారు. నేను మాత్రం అత్తగారి చూపు వెంట నా చూపు పంపాను. అది తవ్వుతున్న గుంట అంచు నుంచి ప్రహరీగోడ దాకా మెల్లగా వెళ్ళి, మళ్ళీ వెనక్కు వచ్చి, తన భుజాల మీద ఆగింది. ముందే చెప్పాను, సన్నని మనిషి.

అయ్యగారు కూడా చూశారు. ఆయనకు అప్పుడు ఆ పాత తీర్పు జ్ఞాపకం వచ్చి ఉంటుంది. "ఇంత దగ్గరగా తవ్వితే పాత సమాధి కుంగుతుందేమోనండి మాస్టారూ. మధ్యనే ఉంచుదామా?" అన్నారు.

అత్తగారు నా వైపు చూశారు. అన్నేళ్ళలో వారిద్దరి తగువులో నన్ను మాట అడిగినవారు లేరు.

"జరపండి" అన్నాను.

జరిపారు. గోడపక్కన ఒక మనిషికి చాలినంత నేల మిగిలింది.

1976 జనవరి నెలలో మేనత్తగారు రేపల్లెలో మరణించారు. బాపట్ల సమాధుల తోటలో, నా భార్య సమాధికీ ప్రహరీగోడకూ నడుమ ఆమెను పాతిపెట్టారు. ఆ వరుసలో ఇప్పుడు ఖాళీ లేదు.